తాళాలాయన బరువు

“ఇంకో దిండా? ఉన్నవి చాలవా? మంచం మీద పడుకుంటున్నారా, గోడ కట్టుకుంటున్నారా?”

“దూది అణిగిపోయిందే. చెబితే అర్థం కాదా?”

“అణిగిపోవడానికి అది ఎవరో చేసిన దిండా? మీరు ఏకిన దూది, మీరు కుట్టిన దిండు. వచ్చినవాళ్లందరికీ మనవల కాలం దాకా వస్తుందని చెప్పి అమ్ముతారు. మీ తల కింది దిండు మాత్రం నెల తిరక్కుండా అట్టముక్కలా అయిపోయిందా?”

“నెమ్మదిగా మాట్లాడవే. పైన కుర్రాడు వింటాడు.”

“విననివ్వండి. ఇంటాయన కూర్చుని నిద్రపోతాడని వాడికీ తెలియాలి. గుర్రాలు నిలబడి నిద్రపోతాయట, మీరు కూర్చుని. రేపు నిలబడి కూడా మొదలుపెడతారు. అప్పుడు గడ్డి వేస్తాను.”

పైన కుర్రాణ్ని నేనే. విననని చెవులు మూసుకున్నా లాభం లేదు. నా గది నేల చెక్కలది. చెక్కకీ చెక్కకీ మధ్య సందుల్లోంచి కింది దుకాణంలో మాటలూ, దూది నూగూ కలిసి పైకి వస్తాయి. నల్ల చొక్కా ఉతికి ఆరేస్తే సాయంత్రానికి దానికి ముసలితనం వచ్చేస్తుంది. కాలేజీ మధ్యలో వదిలేశాక ఇంట్లో మాటలు పడలేక ఈ గది అద్దెకి తీసుకున్నాను. సామాన్ల ఆటో నడుపుతాను. కింది దుకాణం పరుపులు మోసేది ఎక్కువగా నేనే. అలా ఆయన నాకు ఇంటాయన, పనిచ్చేవాడు, బాబాయ్. ఆవిడ పిన్ని.

పరుపులాయన అన్న పేరు వీధి పెట్టింది. అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని ఆయనే వెనక్కి తిరిగి చూస్తాడు. తండ్రి దగ్గర భుజాన వేసుకునే దూదేకే విల్లు ఉండేదట. వీధి మొదట్లో నిలబడి నారి మీటితే ఆ మోతకి జనం పాత పరుపులు గుమ్మంలో పడేసేవారట. ఈయన కాలానికి విల్లు పోయి యంత్రం వచ్చింది. ముళ్ల డ్రమ్ము, తోలు పట్టా, మోటారు. ఒకవైపు గడ్డకట్టిన దూది తోస్తే రెండోవైపు మబ్బు వస్తుంది. ఆ మబ్బుని చారల గుడ్డ గలేబులో కూరి, బెత్తంతో కొట్టి సమం చేసి, బారెడు దబ్బనంతో పై నుంచి కిందికి దారం దించి ముడి బిగిస్తాడు. ముడి దగ్గర పరుపు గుంట పడుతుంది, చుట్టూ ఉబ్బుతుంది. ఆ ఉబ్బులన్నీ ఒకే ఎత్తులో రాకపోతే విప్పేసి మళ్లీ కుడతాడు. ఎవరూ చూడరు కదా అంటే, “వీపు చూస్తుందిరా” అంటాడు.

పెళ్లయ్యేదాకా ఆయనకి సొంత పరుపు లేదు. అమ్మకానికున్నది నలుగుతుందని తండ్రి చాప మీదే పడుకోబెట్టేవాడట. “నేను పెళ్లి పెళ్లాం కోసం చేసుకోలేదు, పరుపు కోసం చేసుకున్నా” అని చెప్పుకుంటాడు. పిన్ని చుట్టుపక్కల లేనప్పుడే చెప్పుకుంటాడు.

ఆయన అమ్మే పద్ధతి ఒకటుంది. కొనడానికి ఎవరైనా వచ్చి, ఇది గట్టిగా ఉందేమో, అది మరీ మెత్తనేమో అని నసుగుతుంటే వాదించడు. చెప్పులు విప్పి, పరుపు మీద వెల్లకిలా పడుకుని, చేతులు పొట్టమీద పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఇక మాట్లాడడు. వచ్చినవాళ్లు కాసేపు చూస్తారు. మొహమొహాలు చూసుకుంటారు. చివరికి ఎవరో “ఏమండీ” అంటారు. ఆయన ఒక కన్ను తెరిచి, “మీరింకా ఉన్నారా? కొనుక్కుని వెళ్లిపోయారనుకున్నా” అంటాడు. తర్వాత లేచి, తను పడుకున్నచోట పిడికిలితో గుద్ది, గుంట నిండి పైకి లేచేదాకా వేలు పెట్టి చూపిస్తాడు. “చూశారా, ప్రాణం ఉంది.” దూదికి ప్రాణమంటే ఆయన లెక్కలో అదే. నొక్కితే లేవాలి. లేవనిది చచ్చిన దూది.

ఆ పడుకోవడం ఆయన మానేశాడు. నేను మొదట గమనించింది అదే, కానీ అది గమనించాల్సిన విషయమని నాకు తెలియదు. “నువ్వు పడుకోరా, కుర్రాడు పడుకుంటే పరుపుకి కళ” అని నన్ను పడుకోబెట్టడం మొదలుపెట్టాడు. నాకా పని చేతకాదు. ఒకావిడ “ఎలా ఉంది బాబూ?” అని అడిగితే, “మెత్తగానే ఉంది, కానీ మీరలా చూస్తుంటే శవంలా ఉంది” అన్నాను. ఆవిడ వెళ్లిపోయింది. ఆయన తిట్టలేదు. ఆ మాట విని మొహం తిప్పుకున్నాడు. అది కూడా ఎందుకో అప్పుడు తెలియలేదు.

టీ కొట్టు వీధి చివర ఉంటుంది. అంతదూరం ఒక్క నడకలో వెళ్లలేక మధ్యలో ఆగేవాడు. ఆగిన సంగతి తెలియకుండా ఉండటానికి ఎదురుగా ఏముంటే దాన్ని శ్రద్ధగా చూసేవాడు. మూసేసిన షట్టర్ని కూడా చూసేవాడు.

“ఏం కొంటున్నావు బాబాయ్, షట్టరా?”

“తాళం చూస్తున్నా. మంచి తాళం.”

అన్నం రెండు ముద్దలకే చాలనేవాడు. పొట్ట మాత్రం పెరుగుతోంది. “తిండి తగ్గింది, పొట్ట పెరిగింది, గాలి తింటున్నారా?” అని పిన్ని. సాయంత్రానికి చెప్పు పట్టీ పాదంలోకి దిగబడిపోయేది. పట్టీకి ఇంకో బెజ్జం వేసుకున్నాడు. రోజంతా నిలబడే పనికి కాళ్లు వాయకుండా ఉంటాయా అన్నాడు. దగ్గు సంగతి అడిగితే, ఈ వీధిలో దగ్గనివాడు ఎవడో చూపించమన్నాడు. అది నిజమే. మా వీధిలో దుకాణాలన్నీ దూదివే. పొద్దున్నే షట్టర్లు ఎత్తేటప్పుడు చప్పుడు కన్నా దగ్గే ఎక్కువ వినపడుతుంది. పిన్ని పోరు పడలేక మూలమలుపు క్లినిక్కి వెళితే ఆ డాక్టరు ఆయన కనుబొమల మీది దూది చూశాడు, పీల్చుకునే మందు రాసిచ్చాడు. ఆయన తప్పని నేననను. బాబాయ్ చెప్పిందే దగ్గు ఒక్కటి. పడుకోలేకపోతున్నానని చెప్పలేదు. కావాలనే చెప్పలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక యంత్రం ఆపి ఆయన దుకాణం వెనక మంచం మీద కునుకు తీస్తాడు. ఆటోకి పని లేని రోజుల్లో నేను నా గదిలో సరిగ్గా ఆ మంచానికి ఎగువన, చెక్కల మీద పడుకునేవాణ్ని. ఆ ఊపిరి వినడం నాకు అలవాటైపోయింది. చిన్నగా మొదలై పెరుగుతుంది. ఇంకా పెరుగుతుంది. పరుగెత్తి వచ్చినవాడి ఊపిరంత అవుతుంది. మళ్లీ తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఆగిపోతుంది. ఆగాక ఏమీ ఉండదు. వీధిలో సైకిలు బెల్లు వినపడుతుంది, పెరట్లో పిన్ని గిన్నెలు తోముతున్న చప్పుడు వినపడుతుంది, కింద మాత్రం ఏమీ ఉండదు. నేను లేచి కూర్చునేవాణ్ని. మెట్లు దిగాలా అనుకునేలోపు మళ్లీ మొదలయ్యేది. కానీ ఆ మొదలైనది ఇందాక ఆగిన ఊపిరిలా ఉండేది కాదు. అడుగున తడి ఉండేది, ఏదో ఉడుకుతున్నట్టు. ఒకరు ఆపేస్తే ఇంకొకరు అందుకున్నట్టు ఉండేది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా పడుకునేచోటు మార్చాను.

ఒకరోజు ఆ ఊపిరి మధ్యలో పెద్ద కేక, మంచం కిర్రుమన్న చప్పుడు. దిగి వెళ్లేసరికి ఆయన గుమ్మం రెండు చేతులతో పట్టుకుని, తల వీధిలోకి పెట్టి గాలి మింగుతున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. పిన్ని వీపు రాస్తోంది. కాసేపటికి సర్దుకున్నాడు. ఆవిడ నీళ్లకి లోపలికి వెళ్లగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఒరేయ్, నీకొకటి చెప్తా. మీ పిన్నికి చెప్పకు.”

“చెప్పాల్సింది అయితే చెప్తాను.”

“అందుకే నిన్ను తన్నాలనిపిస్తుంది.” ఊపిరి తీసుకున్నాడు. “తాళాలాయన వస్తున్నాడు.”

తాళాలాయన కిందటి వానాకాలంలో చనిపోయాడు.

ఎదురు దుకాణం ఆయనది. తాళంచెవులు చేసేవాడు. మనిషి బాగా లావు. బాబాయ్‌కి ఉన్న స్నేహితుడు ఆయనొక్కడే. రోజూ మధ్యాహ్నం అన్నం తిని, వీధి దాటి వచ్చి, కుట్టిన పరుపుల దొంతి మీద కూలబడేవాడు. “కూర్చుంటానంతే, పడుకోను” అనేవాడు. అన్న కాసేపటికే గురక. ఆ గురక తడిగా, బరువుగా ఉండేది. పరుపు పాడవుతోందని బాబాయ్ గోల. “నీ దూది నా కింద ఏడుస్తోందా?” అని ఆయన. “ఏడవడం కాదు, అమ్మనా బూతులు తిడుతోంది” అని ఈయన. ఇలా ఏళ్లకేళ్లు. ఒకరోజు పొద్దున ఆయన తన ఇంట్లో, బాబాయ్ కుట్టిన పరుపు మీదే, నిద్రలేవలేదు. ఆయన కొడుకు ఆ పరుపు చుట్టి తెచ్చి, “ఇంట్లో ఉంచలేకపోతున్నాం, నువ్వే ఏదో ఒకటి చెయ్యి బాబాయ్” అని దించి వెళ్లాడు.

దానికి మా వీధిలో ఒక పద్ధతి ఉంది. ఎవరు పెట్టారో తెలియదు, అందరూ పాటిస్తారు. మనిషి పోయిన పరుపులో దూది తల కిందికి పోకూడదు. దాన్ని విడిగా ఏకి, సామాన్లు పగలకుండా చుట్టే గోతాల్లోకో, వర్క్‌షాపు కుర్చీల అడుక్కో వేస్తారు. ఏకాక యంత్రం డ్రమ్ము దులుపుతారు. బాబాయ్ దాన్ని విప్పి చూశాడు. ఆయన జీవితంలో ఏకినవాటిలో కల్లా మంచి దూది అది, స్నేహితుడి కోసం ఏరి ఏరి వేసింది. ఇన్నేళ్లు అంత లావు మనిషిని మోసి కూడా నొక్కితే లేస్తోంది. గోతాల్లో వెయ్యడానికి చేతులు రాలేదు. ఏకి, దిండు కుట్టి, తన తల కింద పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

“ఎవరికో పెట్టలేదు కదరా. నాకే పెట్టుకున్నా. తప్పా?”

“తప్పేం కాదు. అయితే ఏమైంది?”

“నడుం వాల్చగానే వచ్చి కూర్చుంటాడు. ఇక్కడ.” ఛాతీ మధ్యలో చెయ్యి పెట్టాడు. “బతికున్నప్పుడు దొంతి మీద కూర్చున్నట్టే. ముందు ఊరికే బరువు. తర్వాత ఊపిరి అందదు. చెవి పెట్టి వింటే లోపల వాడి గురక. అదే తడి గురక. నాకు తెలియదా వాడి గురక?”

ఆ గురక నేనూ విన్నాను. అయినా అడిగాను.

“మరి కూర్చుంటే ఎందుకు రాడు?”

“నేను కూర్చుంటే వాడికి చోటెక్కడిది?”

“బాబాయ్, నీ మొహం చూసుకున్నావా? దిండు సంగతి తర్వాత. ఇలాగే ఉంటే చచ్చిపోతావు.”

“అదేరా నేనూ చెప్తోంది” అన్నాడు.

దిండు మార్చమంటే మార్చాడట. పక్కన పెడితే మామూలు దిండు మీదకీ వచ్చాడట. పైన ఇంకోటి వేస్తే కొంచెం తగ్గాడట. అందుకే మీద మీద దిండ్లు. ఎత్తు పెరిగితే వాడు జారిపోతాడని ఆయన లెక్క. పిన్నికి మాత్రం దూది అణిగిందని అబద్ధం. తన దూదికి ఆ పేరు రావడం ఆయనకి ఎంత అవమానమో నాకు తెలుసు. అయినా అదే చెప్పాడంటే లోపల ఎంత భయం ఉండాలి!

నేను పిన్నికి చెప్పేశాను. ఆవిడ నిర్ఘాంతపోయి, ముందు నన్ను తిట్టి, తర్వాత ఆయన్ని తిట్టి, ఆ దిండు బయట తగలబెడతానని లేచింది. ఆయన దిండుని పిల్లాణ్ని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. “తగలబెడితే వాడెక్కడికి పోతాడే?” అన్నాడు. ఆ మాటకి ఆవిడ కూర్చుండిపోయింది.

ఆసుపత్రికి వెళ్లింది ఆయన ఒప్పుకుని కాదు. ఆ వారంలోనే హాస్టలుకి పరుపులు కావాలని ఒకాయన వచ్చాడు. పాతకాలపు మనిషి, బాబాయ్ పద్ధతి ఎరిగినవాడు. “కుర్రాణ్ని కాదు, నువ్వు పడుకుని చూపించు, నువ్వు పడుకుంటేనే కొంటా” అని నవ్వుతూ పట్టుబట్టాడు. బాబాయ్ నావైపు చూశాడు. తర్వాత చెప్పులు విప్పాడు. వెల్లకిలా పడుకుని, చేతులు పొట్టమీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. హాస్టలాయన నవ్వుతూనే ఉన్నాడు. నేను ఆయన మెడ చూస్తున్నాను. చెవి కిందిదాకా నరం ఉబ్బి కొట్టుకుంటోంది. మొహం బూడిదరంగుకి తిరిగింది. కళ్లు తెరిచాడు, రెండూ తెరిచాడు, లేవలేకపోయాడు. దగ్గితే పెదాల మీద నురగ వచ్చింది.

నేనూ హాస్టలాయనా ఎత్తి ఆటోలో వేశాం. పడుకోబెట్టబోతే గోళ్లు దిగేలా నా చెయ్యి పట్టుకున్నాడు. పరుపులు నిలబెట్టి, వాటి మధ్య ఆనించి కూర్చోబెట్టి తీసుకెళ్లాను. పిన్ని వెనక కూర్చుని ఆయన తల పట్టుకుంది. దారి పొడుగునా ఆయన గొంతులోంచి ఆ గురక వస్తూనే ఉంది. మనిషి మెలకువగా ఉన్నాడు, గురక వస్తోంది.

డాక్టరమ్మ చిన్నావిడే. ముందు ముక్కుకి ఆక్సిజన్ పెట్టించి, నరానికి ఇంజెక్షన్ ఇప్పించింది. కాస్త మాట వచ్చాక మంచం తలవైపు ఎత్తించి పక్కన నిలబడింది. వీపు అడుగున చెవిగొట్టాం పెట్టి చాలాసేపు విన్నది. మెడ నరం ఎంత ఎత్తు దాకా నిండిందో వంగి చూసింది. తర్వాత అడిగింది.

“పడుకునేటప్పుడు ఎన్ని దిండ్లు పెట్టుకుంటారు?”

బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. “ఎన్ని కావాలమ్మా? ఆసుపత్రికైతే గలేబు వేరే గుడ్డ వేస్తాం.”

“నాకు కాదండీ. మీకు.”

పిన్ని అందుకుంది. “నాలుగమ్మా. ఐదోదానికి గొడవపడుతున్నాం. ముందు ఒక్కటే ఉండేది.”

“మెడ నొప్పికా?”

నేనే చెప్పాను. “నడుం వాలిస్తే ఊపిరి ఆడదండీ. నిద్రలో కేక వేసి లేచి గుమ్మంలోకి పరుగెడతాడు. లేచి కూర్చుంటే తగ్గుతుంది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుందట.”

బాబాయ్ నన్ను చంపేసేలా చూశాడు. ఆవిడ నవ్వలేదు. తలాడించి, ఆయన పంచె కొంచెం పైకి జరిపి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలు నొక్కి పట్టుకుంది. తీసింది. గుంట పడింది. ఆవిడ రాసుకుంటోంది, పిన్ని కళ్లు తుడుచుకుంటోంది. బాబాయ్ మాత్రం ఆ గుంటనే చూస్తున్నాడు. జీవితమంతా వేలు పెట్టి చూపించినట్టే చూస్తున్నాడు, లేస్తుందని. నేనూ చూశాను. అది అలాగే ఉంది.

“లేవలేదురా” అన్నాడు నాకు మాత్రమే వినపడేట్టు.

ఈసీజీ, ఎక్స్‌రే, రక్తంలో ఏదో పరీక్ష. చివరికి గుండె స్కానింగ్. దానికి ఎడమపక్కకి తిరిగి కొంచెం వాలి పడుకోవాలి. ఆయన పడుకోనన్నాడు. “వాలితే వస్తాడు” అని నా చెవిలో అన్నాడు. నేను పక్కనే ఉంటానంటే వాలాడు, యంత్రం తెర పక్కన నన్ను నిలబడనిచ్చారు. నలుపూ తెలుపూ తెరమీద ఆయన గుండె కనపడింది. నేను ఇంతకుముందు గుండె చూడలేదు కాబట్టి ఎలా ఉండాలో నాకు తెలియదు. కానీ అది పిడికిలిలా బిగుసుకోవడం లేదు. దారాలు తెగిన పరుపులా సాగి, అటూ ఇటూ ఊగుతోంది. స్కానింగ్ చేసే అతను మాటలు ఆపేశాడు. గదిలో యంత్రం వినిపిస్తున్న గుండె చప్పుడు ఒక్కటే, తడిగా, బుస్ బుస్ మంటూ.

డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. “హార్ట్ ఫెయిల్యూర్.”

“ఫెయిలా?” అంది పిన్ని. ఆవిడ చూపు ఎందుకో నా మీద పడింది. ఆ ఇంట్లో ఆ మాట తెలిసినవాణ్ని నేనే కదా.

“ఆగిపోవడం కాదమ్మా. అలసిపోవడం. చాలా ఏళ్లుగా బీపీ ఎక్కువ ఉండి ఉంటుంది, చూపించుకోలేదు. గుండె సాగిపోయింది. నిండిన రక్తంలో సగానికి పైగా ముందుకి తొయ్యాలి. మీ ఆయన గుండె పావు వంతే తోస్తోంది. మిగతాది వెనక నిలిచిపోతుంది. కాళ్లలో నీరు అదే, పొట్టలో అదే. పగలంతా కాళ్లలోకి దిగిన నీరు పడుకోగానే పైకి వస్తుంది. దాన్ని తోసే బలం లేదు, ఊపిరితిత్తుల్లోకి ఊరుతుంది. అందుకే ఛాతీ మీద బరువు. అందుకే ఆ చప్పుడు. కూర్చుంటే మళ్లీ కిందికి దిగుతుంది.”

“దూది దగ్గు కాదా?”

“దూది దగ్గయితే పడుకున్నా కూర్చున్నా వస్తుంది కదమ్మా.”

బాబాయ్ అంతా విన్నాడు. విని, “మరి వాడు?” అన్నాడు.

“ఎవరు?”

“ఏం లేదమ్మా.”

మందులు రాసిచ్చింది. ఉప్పు తగ్గించమంది, నీళ్లు కొలుచుకుని తాగమంది, రోజూ పొద్దున్నే బరువు చూసుకోమంది. బరువు పెరిగిందంటే నీరు చేరుతోందని గుర్తట. “ఈ మందులు ఇక ఎప్పటికీ వేసుకోవాలి. బాగుందని ఆపితే మళ్లీ వస్తుంది. ఈసారి ఆటోలో తెచ్చేంత వ్యవధి ఉండకపోవచ్చు” అని నావైపు చూసి చెప్పింది.

ఇంట్లో బరువు చూసుకోవడానికి దూది తూచే కాటానే ఉంది. రోజూ పొద్దున్నే దాని మీద నిలబడేవాడు, పిన్ని ముల్లు చూసేది. నీళ్ల మాత్ర పని చేసింది. పెరటికీ దుకాణానికీ మధ్య తిరగడమే సరిపోతోందని విసుక్కునేవాడు. పాదాలు మామూలయ్యాయి, పొట్ట తగ్గింది, ముల్లు రోజురోజుకీ కిందికి దిగింది. పిన్ని సంతోషంతో ఏదో పాట కూడా అందుకుంది. ఆయన మాత్రం ఆ ముల్లుని వింతగా చూసేవాడు.

“ఎంత దిగిందో చూశావా? ఆ బరువంతా ఎవరిదనుకున్నావు?”

“నీ ఒంట్లో నీళ్లది.”

“నీళ్లకి గురక ఉంటుందట్రా? కొంచెం కొంచెంగా వెళ్తున్నాడు వాడు.”

మందులు వేసుకుంటున్నాడు కానీ మంచం ఎక్కలేదు. మధ్యాహ్నం కునుకు కూడా కుర్చీలోనే. డాక్టరమ్మ ఇప్పుడు పడుకోవచ్చని చెప్పినా గోడకి వీపు ఆనించి, తల వేలాడేసి నిద్రపోయేవాడు. ఆ పెద్ద ఊపిరి పోయింది. పైన చెక్కల మీద నాకు ఇప్పుడు ఏమీ వినపడటం లేదు. విచిత్రంగా ఆ నిశ్శబ్దమే నన్ను పడుకోనివ్వడం లేదు. ఎవరో కింద కదలకుండా కూర్చుని ఉన్నట్టు అనిపించేది.

తర్వాత ముల్లు పైకి తిరిగింది. కాటా చెడిపోయిందన్నాడు. పిన్ని తూకపు రాయి పెట్టి చూసింది, కాటా బాగానే ఉంది. దొంతి వెనక ఊడుస్తుంటే ఆవిడకి మాత్రలు దొరికాయి, దూది ఉండలో చుట్టినవి.

“ఇవేంటి? నోట్లో వేసుకుని ఇక్కడ ఉమ్ముతున్నారా? ఎవర్ని మోసం చేద్దామని? నన్నా, ఆ డాక్టరమ్మనా?”

“రోగానికైతే మందు పని చేస్తుందే. వాడికి మందేంటి? వాడు వెళ్లాడో, వీధిలో నిలబడి ఉన్నాడో నాకెలా తెలుస్తుంది? మాత్రలు మింగుతూ కూర్చుంటే తెలుస్తుందా?”

“మీరు పోయాక తెలుస్తుంది. ఇద్దరూ కలిసి కూర్చోండి ఆ దొంతి మీద!” అని ఆవిడ ఏడుస్తూ పెరట్లోకి వెళ్లిపోయింది.

నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆయన చీలమండ మళ్లీ నున్నగా ఉబ్బి కనపడుతోంది. “బాబాయ్, ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. మందులు వేసుకుంటే ఉంటావు, లేకపోతే పోతావు. ఇంకేం కావాలి నీకు?” అన్నాను.

ఆయన లేచి, ఒక చెయ్యి గోడకి ఆనించి, ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్లి మంచం మీది దిండ్లన్నీ తీసి కింద పెట్టాడు. అల్మారాలోంచి తాళాలాయన దిండు తెచ్చి ఒక్కటే వేశాడు. మధ్యాహ్నపు ఎండ షట్టరు కిందినుంచి మంచం దాకా వచ్చి ఉంది. అందులో దూది నూగు తేలుతోంది. మంచం అంచున కూర్చుని ఊపిరి కూడదీసుకుని నన్ను పిలిచాడు.

“ఇటు రా. ఆ స్టూలు లాక్కో. నా మొహమూ ఛాతీ రెండూ కనపడేట్టు కూర్చో. నేను దీనిమీద పడుకుని కళ్లు మూసుకుంటా. మీ పిన్నిని అడిగితే భయపడి ఏమీ లేదంటుంది. డాక్టరమ్మ చూడకుండానే లేదంటుంది. నీకు మొహమాటం లేదు, శవంలా ఉంటే శవంలా ఉందని కొనేవాళ్ల ముందే చెప్పినవాడివి. వాడు రాకపోతే ఇదుగో చెప్తున్నా, రేపట్నుంచి ఒక్క మాత్ర ఉమ్మను, చచ్చేదాకా మింగుతా. ఊపిరి ఆడక కొట్టుకుంటే మాత్రం నన్ను లేపు. కానీ లేపే ముందు ఒక్కసారి బాగా చూడరా. వాడే అయితే వాడే అని చెప్పు. నాకు ధైర్యం చెప్పడానికి అబద్ధం ఆడకు.”